చేప మింగలేదు

1970 ఆగస్టు 31, సోమవారం

డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూసి, నెల రోజులు నోరు మెదపొద్దన్నాడు. గుసగుసలు కూడా వద్దట, వాటివల్ల ఇంకా చెడుతుందట. ఏదైనా చెప్పాలనిపిస్తే కాగితం మీద రాసుకోమని నవ్వాడు. అందుకే ఇది. ఎవరి కోసమూ కాదు.

ఇరవై రెండేళ్ళుగా ఏకాదశి ఏకాదశికి టాటానగర్ బర్మామైన్స్‌లోని భజన మందిరంలో గ్రంథం విప్పి పురాణం చెబుతున్నాను. నాకు అక్షరం నేర్పినవాడు లేడు. లోకో షెడ్డులో ఇంజన్ల మీద సుద్దతో రాసిన నంబర్లు చూసి అంకెలు నేర్చుకున్నాను, పాత కాగితాల పొట్లాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. పగలు ఇంజన్ల మోత మీద అరిచి, సాయంత్రం జనం నిద్ర మీద అరిచి, చివరికి మిగిలింది ఈ బొంగురు.

అబ్బాయి ఆదిబాబు నుంచి ఉత్తరం లేదు. రెండేళ్ళు నిండాయి.

సెప్టెంబరు 2, బుధవారం

మా ఆవిడ దాలమ్మ తమ్ముడు అప్పలసూరి మలయా నుంచి వచ్చి నెల దాటింది. ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న వెంట రబ్బరు తోటలకి వెళ్ళినవాడు, నలభై ఆరో ఏట ఓడ దిగి, ఊళ్ళో ఎవరూ మిగలక, అక్కని వెతుక్కుంటూ టాటానగర్ చేరాడు. భార్య అక్కడే పోయింది. ఇద్దరు ఆడపిల్లలు, పద్నాలుగేళ్ళ ధనమ్మ, పదేళ్ళ చిన్నమ్మి. వాళ్ళని తోటలో పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వచ్చాడు. చేపల్ని మాత్రం తెచ్చాడు.

ఈ చివరి వాక్యం బాగుంది. ఎక్కడైనా వాడాలి.

వచ్చిన రోజే జేబులోంచి అడ్రసు కాగితం తీశాడు. "బావా, సేరినానని రెండు ముక్కలు రాసిపెట్టు. మావయ్య సేత రాయిత్తానని గుంటలకి సెప్పొచ్చాను" అన్నాడు. వాడికి చదువు రాదు. నేను ఒకటే చెప్పాను. పిల్లల్ని ఎందుకు వదిలావో ముందు చెప్పు, తప్పని ఒప్పుకో, అప్పుడు రాస్తాను. వాడు కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రోజూ అడుగుతాడు. రోజూ ఇదే నా జవాబు. ధర్మం బావమరిదికైనా ఒకటే.

సెప్టెంబరు 4, శుక్రవారం

ఎలక్ట్రికల్ సెక్షన్లో పారేసిన బ్యాటరీ గాజు తొట్టి ఒకటి అడిగి తెచ్చాడు అప్పలసూరి. మూడు రోజులు పంపు కింద కడిగి, ఎండలో పెట్టి, యాసిడ్ వాసన పోయాక చేపల్ని సీసాలోంచి అందులోకి వదిలాడు. కిటికీ దగ్గర, నా గ్రంథం పక్కన పెట్టాడు. రెండు చేపలు, మగదీ ఆడదీ. వేలెడంత. ఎండుటాకు రంగు. వెలుగు పక్కనుంచి పడితే చెంపల మీద పచ్చటి మెరుపు. అంతే. ఇంతదానికి ఓడలో ఏడు రోజులు ఒళ్ళో పెట్టుకు తెచ్చాడట.

"ఇయ్యి పెలాగా బావా. కొట్లాట సేపలంటారు అక్కడ."

కొట్లాడించమని చేత్తో సైగ చేశాను.

"ఇయ్యి కొట్లాడవు. పందేలకి ఆడించే ఎర్రయీ నీలియీ వేరే. ఇది అడివిది. సెలయేట్లో రాలిన ఆకుల కింద ఉంటాది. సిన్నమ్మి పట్టిచ్చింది, ఓడలో తోడుంటాదని."

కొట్లాడని కొట్లాట చేప. దీంతో వేదిక మీద ఏం చెప్పను?

సెప్టెంబరు 6, ఆదివారం

ఉత్తరం లేదు. రాయాల్సింది కొడుకు. తండ్రి రాయడమేమిటి.

సెప్టెంబరు 9, బుధవారం

దొరికింది.

అప్పలసూరి గూడ్స్ షెడ్డులో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. నాకు సెలవు. గొంతు నొప్పి, నిద్ర చాలలేదు, ఊరికే తొట్టి ముందు కూర్చున్నాను. మగచేప ఆడచేపని ఒళ్ళంతా చుట్టేసింది. విడిపోయాక తెల్లటి గుడ్లు, సగ్గుబియ్యం నలుసుల్లా. ఆడది వాటిని నోటితో ఏరి, ఒక్కొక్కటే మగదాని ముందు ఉమ్మింది. మగది నోరు తెరిచి ఒక్కొక్కటే అందుకుంది. మింగింది. ఆడది ఉమ్మడం, అది మింగడం. మధ్యాహ్నం దాకా చూశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు.

తల్లి అందిస్తుంటే తండ్రి తింటున్నాడు. గ్రంథంలో కూడా ఇంతటిది చదవలేదు. నా పద్ధతి జనానికి తెలుసు. ఆ వారం ఇంట్లోనో వీధిలోనో కళ్ళతో చూసినదాన్నే దృష్టాంతంగా చెబుతాను. బారిడీహ్ నుంచి కూడా వచ్చి కూర్చునేది అందుకే.

డాక్టరు మాట డాక్టరుది. ఎల్లుండి ఏకాదశి.

సెప్టెంబరు 11, శుక్రవారం, ఏకాదశి

బయలుదేరుతుంటే అప్పలసూరి తొట్టి ముందు కూర్చుని ఏదో చెప్పబోయాడు. "బావా, ఇది సూడు, దీని గొంతు..." వినలేదు. ఆలస్యమవుతోంది.

మందిరం నిండింది. సెక్రెటరీ నీలకంఠం మైకు దగ్గరికి జరిపి, మెల్లగా చెప్పినా చాలన్నాడు. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కథతో మొదలుపెట్టాను. పెద్ద చేపలు మింగేస్తాయి కాపాడమని అది అడిగితే, రాజు కమండలంలో దాచాడు. ఆ చేపే తర్వాత ప్రళయంలో అందరినీ ఒడ్డు చేర్చింది. తర్వాత మా ఇంటి చేప. "తల్లి ఒక్కొక్క గుడ్డూ తెచ్చి ముందు పెడుతుంటే, ఈ తండ్రి ఒక్కొక్కటే మింగాడు! సముద్రాలు దాటి వచ్చిన చేప! కన్నబిడ్డల్ని మింగి, ఇవాళ మన నీళ్ళలో మెత్తగా ఈదుతోంది!"

పేరు ఎత్తలేదు. నేనెప్పుడూ పేరు ఎత్తను.

మూడో వరసలో ఉన్నాడు. తలలన్నీ అటు తిరిగాయి. వెనకనుంచి ఎవడో, "ఏటోయ్ సూరీ, నీ సేపేనేటి?" అన్నాడు. నవ్వులు. అప్పలసూరి లేచి వెళ్ళలేదు. తల వంచుకుని మంగళహారతి దాకా కూర్చున్నాడు. అంటే లోపల తాకిందనే అర్థం.

గొంతులో నెత్తుటి జీర వచ్చింది.

సెప్టెంబరు 12, శనివారం

షిఫ్టు నుంచి వచ్చేసరికి వాడు లేడు. ట్రంకుపెట్టె లేదు. తొట్టి ఉంది.

"భుయ్యాడీహ్‌లో అసిరయ్య కాడికెల్లిపోయాడు" అంది దాలమ్మ. అసిరయ్య వాడితో బస్తాలు మోసేవాడు. "నీల్లు కదపొద్దని సెప్పమన్నాడు. సేప గుడ్లు మింగనేదంట. నోట్లో ఎట్టుకుని పొదుగుతాదంట, పిల్లలయ్యే దాకా. బయపెడితే మాత్రం నిజంగానే మింగేత్తాదంట."

పలక మీద రాశాను: నాకు కళ్ళున్నాయి. రాశాక గుర్తొచ్చింది, దానికి చదువు రాదు. గొంతు విప్పి చెప్పాను. పొక్కిపోయినట్టయింది.

"కల్లున్నాయి. సెవులే నేవు" అంది. "ఆడు పిల్లల్ని ఒగ్గేసి రానేదు. పిల్లలు అక్కడ పుట్టారు, ఆల్లకి ఆ దేశపోల్లేనని నీలం కార్డుంది. ఆడికి ఎర్ర కార్డు. ఎర్ర కార్డోల్లకి ఇక పని నేదని పంపించేశారు. గుంటల్ని తెత్తే ఆల్ల కార్డూ పోతాది, బడీ పోతాది. ఇక్కడికొచ్చి ఏటి సేత్తారు, బస్తాలు మోత్తారా? అందుకని గుండె రాయి సేసుకుని ఒక్కడూ ఓడెక్కాడు."

ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"నీకా? తప్పని ఒప్పుకుంటేనే ఇంటానన్నావు. తప్పు కానిదాన్ని ఏటని ఒప్పుకుంటాడు?"

అయినా, చెప్పుకోవాల్సింది వాడే. నేను అడిగాను కదా. రోజూ అడిగాను.

సెప్టెంబరు 13, ఆదివారం

ఏమీ లేదు. వాన.

సెప్టెంబరు 15, మంగళవారం

చేప తినడం లేదు. దాలమ్మ కాలువలోంచి దోమ పిల్లల్ని పట్టి వేస్తోంది. ఆడది తింటోంది. మగది చూసి పక్కకి తిరుగుతోంది. గొంతు కింద సంచిలా ఉబ్బింది. తిన్న పాపం అరగడం లేదు, అడ్డం పడింది. ఇది కూడా మంచి దృష్టాంతమే.

నాకూ మింగుడు పడటం లేదు. గంజి తాగుతున్నాను.

సెప్టెంబరు 17, గురువారం

విశ్వకర్మ పూజ. షెడ్డులో ఇంజన్లకి బొట్లు, దండలు. ఇవాళ ఒక్కరోజు సుత్తి చప్పుడు ఉండదు. ప్రసాదం పంచుతున్న ఫోర్‌మన్ నా చేతిలో బూందీ పోస్తూ, "పండిత్‌జీ, ఆప్‌కీ మఛ్లీ కైసీ హై? ఔర్ కిస్‌కో ఖాయా?" అన్నాడు. మీ చేప ఎలా ఉంది, ఇంకెవర్ని తిందని. హిందీవాళ్ళ దాకా పాకిందన్నమాట. ప్రచారం అంటే ఇదీ అని ముందు కొంచెం గర్వపడ్డాను. ఎందుకు దాచడం.

తిరిగి వస్తూ గూడ్స్ షెడ్డు పక్కనుంచి వచ్చాను. పూజ రోజైనా సిమెంటు వ్యాగన్ దించుతున్నారు. అప్పలసూరి వీపున బస్తా. కాంట్రాక్టరు మనిషి, "ఏ మఛ్లీ! జల్దీ కర్!" అని కేకేశాడు. వాడు పలికాడు. ఆ పేరుకి పలికాడు. అలవాటైపోయినట్టు.

నన్ను చూశాడు. చూసి, తలతో తొట్టి ఎలా ఉందన్నట్టు అడిగాడు. బాగానే ఉందని తలూపాను. అంతే.

నేను పేరు ఎత్తలేదు. వాళ్ళే పెట్టుకున్నారు.

సెప్టెంబరు 19, శనివారం

పదో రోజు. ఒక్క పురుగు ముట్టలేదు. పక్కటెముకల దగ్గర లోపలికి పీక్కుపోయింది. గొంతు మాత్రం అలాగే ఉంది. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి అందుకుని, మళ్ళీ మూలకి పోయి నోరు బిగించుకుంటుంది. నోట్లో ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతుంది. మింగదు.

దాలమ్మ బియ్యం ఏరుతూ అంది: "పది రోజులు నోరు ఇప్పకుండా ఉండమంటే నీ వల్లవుతాదా?"

నవ్వు రాలేదు. దాలమ్మ కూడా నవ్వలేదు.

ఆదిబాబు గుర్తొచ్చాడు. ఊరికే. ఏకాదశి నాడు సాక్చీ హోటల్లో ఆమ్లెట్ తిన్నాడని నాకు చెప్పింది నీలకంఠమే. ఆ సాయంత్రం వేదిక మీద చెప్పాను, తండ్రి ఉపవాసముంటే గుడ్డు తిన్న కొడుకు సంగతి. అప్పుడూ పేరు ఎత్తలేదు. వాడు గుమ్మం దగ్గర చెప్పులు కాపలా కాస్తున్నాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. వారానికి వెళ్ళిపోయాడు. రూర్కెలాలో ఉన్నాడని ఎవరో అన్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను. చేప గురించి రాయాలని కూర్చున్నాను.

సెప్టెంబరు 22, మంగళవారం

ఉదయం షిఫ్టుకి చొక్కా తొడుక్కుంటుంటే దాలమ్మ బిందె చంకన పెట్టుకునే తొట్టి ముందు నిలబడిపోయింది. "ఇలారా. బేగిరా" అంది.

మగచేప నోరు తెరిచింది. లోపలినుంచి ఒకటి వచ్చింది. ఆవగింజంత తల, వెంట్రుకంత తోక. ఇంకొకటి. తర్వాత నాలుగైదు కలిసి. ఒక పిల్ల దారి తప్పి మళ్ళీ నోటి దగ్గరికే వస్తే, అది మెల్లగా లోపలికి తీసుకుని, కాసేపాగి మళ్ళీ వదిలింది. నలభై దాకా లెక్కపెట్టాను. తర్వాత కళ్ళు ఆనలేదు.

షిఫ్టుకి వెళ్ళలేదు. చెప్పకుండా మానేయడం ఇదే మొదటిసారి.

గ్రంథం తీశాను. ఏం వెతుకుతున్నానో తెలియకుండా తిప్పుతుంటే ఆ ఘట్టం దగ్గరే ఆగింది. మన్ను తిన్నాడని పిల్లవాడి మీద అందరూ చాడీ చెబుతారు. తల్లి నోరు తెరవమంటుంది. నోట్లో లోకాలన్నీ ఉంటాయి. ఎన్ని వందలసార్లు చెప్పానో, పుస్తకం అక్కర్లేదు. చెప్పిన ప్రతిసారీ జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ తల్లి తెలియకపోయినా ముందు నోరు తెరిచి చూపించమంది. నేను అది కూడా అడగలేదు. తిన్నాడని చాడీ చెప్పినవాళ్ళలో నిలబడ్డాను.

వాడు నోరు తెరవబోయాడు కూడా. "బావా, ఇది సూడు" అన్నాడు. ఆలస్యమవుతోందని వచ్చేశాను.

సెప్టెంబరు 23, బుధవారం

భుయ్యాడీహ్ వెళ్ళాను. సువర్ణరేఖ ఒడ్డున వరసగా తాటాకు కప్పులు. వానకి దారంతా నల్ల బురద. అసిరయ్య గుమ్మంలో గెడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూసి, "రండి గురువుగారూ. ఇవాళ ఎవుల్ని మింగించడానికొచ్చారు?" అన్నాడు. అద్దంలోంచే అన్నాడు, వెనక్కి తిరగలేదు.

అప్పలసూరి పీట వేశాడు. నేను చెప్పాలనుకున్నది దారంతా కూర్చుకుని వచ్చాను. గొంతులోంచి వచ్చింది ఇదొక్కటే: "పిల్లలొచ్చాయి."

వాడి ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "ఎన్ని?"

"నలభై పైన."

"ఆడదాన్ని తీసి ఏరే గిన్నెలో ఎయ్యి బావా. ఆకలేత్తే పిల్లలని కూడా సూడదు. నీల్లు సగమే మార్సు. పంపు నీల్లు ఓ పూట ఎండలో ఎట్టి మరీ పొయ్యి. మూత కొంచెం తీసుంచు, పైకొచ్చి గాలి తీసుకుంటాది. మగోడికి పురుగులు ఏసావా? ఆకలితో ఉంటాడు పాపం, పదమూడు రోజులు."

"తిన్నాడు" అన్నాను. "నిన్న సాయంత్రం."

ఇంటికి రమ్మని అనాలి. అనలేదు. ఏ మొహంతో అనను? నన్ను సాగనంపుతూ వాడు జేబు తడుముకున్నాడు. కాగితం అక్కడే ఉంది. అడగలేదు. రోజూ అడిగేవాడు, ఇవాళ అడగలేదు.

మళ్ళీ మళ్ళీ అదే తలుచుకుంటున్నాను. ఇవాళ అడగలేదు. సముద్రం అవతల ఇద్దరు పిల్లలు, తండ్రి ఒడ్డు చేరాడో లేదో తెలియక రెండు నెలలుగా ఉన్నారు. రెండు వాక్యాలు. అవి ఇన్నాళ్ళూ నా చేతిలో ఉన్నాయి.

సెప్టెంబరు 25, శుక్రవారం

నీలకంఠం వచ్చి రేపటి ఏకాదశికి గొంతు ఎలా ఉందని అడిగాడు. జనం ఆ చేప సంగతి ఇంకా చెప్పుకుంటున్నారట, దాని మీదే ఇంకో రెండు మాటలు చెప్పమన్నాడు. చెబుతానన్నాను.

సెప్టెంబరు 26, శనివారం, ఏకాదశి

మైకు ముందు నిలబడ్డాను. గ్రంథం విప్పలేదు.

"చేప మింగలేదు" అన్నాను. "నోట్లో పెట్టుకుని పదమూడు రోజులు పస్తుండి పిల్లల్ని వదిలింది. నేను తెలియక చెప్పాను."

చేతులు జోడించుకుని అందరూ కూర్చునే ఉన్నారు. దీని వెనక ఏదో అంతరార్థం వస్తుందని చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా అలా అలవాటు చేసింది నేనే. నీలకంఠం పక్కనుంచి, "ఇంతకీ నీతి ఏమిటి గురువుగారూ?" అని అందించాడు.

"నీతి లేదు. అప్పలసూరి పిల్లల్ని వదిలేసి రాలేదు. వాళ్ళ చదువు చెడకుండా ఉండాలని ఒంటరిగా వచ్చాడు. వాణ్ణి చేప అన్నది నేను. తప్పుగా అన్నాను. వాడి పేరు అప్పలసూరి."

మొదటిసారి పేరు ఎత్తాను.

ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఒకావిడ పక్కావిడతో, "గొంతుతో పాటు మతి కూడా పోయినట్టుంది" అంది. మూడో వరసలో వాడు లేడు. ఎందుకుంటాడు. దిగి, చెప్పులు వెతుక్కుని వచ్చేశాను. చెప్పులు కాపలా ఎవరూ లేరు.

సెప్టెంబరు 27, ఆదివారం

అప్పలసూరి పది గంటలకి వచ్చాడు. మందిరం సంగతి అసిరయ్య భార్య చెప్పిందట. నాతో ఆ మాట ఎత్తలేదు. నేరుగా తొట్టి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గాజుకి ముక్కు ఆనించి చూశాడు. చాలాసేపు. దాలమ్మ టీ ఇస్తే చల్లారిపోయింది.

తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగింది. సిమెంటు అంటింది.

"ఇప్పుడు రాత్తావా బావా?"

పోస్టాఫీసులో విదేశాలకి పంపే నీలం కాగితం బుధవారమే కొని పెట్టుకున్నాను. తీశాను. వాడు చెబుతుంటే రాశాను.

"ధనమ్మకి, సిన్నమ్మికి, నాన్న రాయించేది. నాను సేరినాను. సేపలు బతికే ఉన్నాయని రాయి. పిల్లలెట్టాయని రాయి. నలభై. సిన్నమ్మి ఎగిరి గెంతుతాది. ఇక్కడ అందరూ మంచోల్లు. పని దొరికింది. మావయ్య నన్ను బాగా సూసుకుంటన్నాడు..."

కలం ఆగింది.

"రాయి బావా."

"అది నిజం కాదు కదరా."

"అబద్దం నాది. సేతిరాత నీది. రాయి. ఆల్లు పడుకోవాలి కదా."

రాశాను. ఇన్నేళ్ళలో నా చేత్తో అబద్ధం రాయలేదని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. పక్కనే గ్రంథం ఉంది. అది చూస్తుండగానే రాశాను. దాన్ని నిజం చేయడానికి ఇంకా వ్యవధి ఉంది.

సాయంత్రం వెళ్ళి ట్రంకుపెట్టె నేనే మోసుకొచ్చాను. "బస్తా కన్నా తేలికే" అని వాడు వెనక నడుస్తూ నవ్వాడు. దారిలో ఎవడో "మఛ్లీ" అని పిలిచాడు. మేమిద్దరం తిరగలేదు.

సెప్టెంబరు 28, సోమవారం

పోస్టాఫీసుకి వెళ్తూ, ఒక ఇన్‌లాండ్ లెటర్ కూడా కొంటానని దాలమ్మతో అన్నాను. ఎవరికని అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా అడుగునుంచి నాలుగు మడతల కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. రూర్కెలా, ఏదో బస్తీ, ఇంటి నంబరు. కొడుకు దస్తూరీ.

ఎన్నాళ్ళుగా ఉందని అడగలేదు.

కౌంటరు పక్క బల్ల దగ్గర నిలబడి రాశాను. చిరంజీవి ఆదిబాబుకి. ఇంట్లో చేపలు పిల్లలు పెట్టాయి. అప్పలసూరి మామ మనతోనే ఉంటున్నాడు. ఆ రోజు మందిరంలో నేను అన్నది తప్పు. వీలుంటే రా, లేకపోతే ఎలా ఉన్నావో రాయి.

చివర్లో ఒక ఉపదేశం రాయాలని చెయ్యి పోయింది. రెండు మూడు మంచివి నోటి దాకా వచ్చాయి.

కాగితంలో మూడొంతులు ఖాళీ. అలాగే అంటించేశాను.